దూడతోలు తొడుగులు

మా ఆయన తీతు పాలు పిండే మనిషి. పాలు అమ్మే మనిషి కాదు, ఆ తేడా ఆయనకు చాలా ముఖ్యం. దిల్‌సుఖ్‌నగర్‌లో అప్పుడప్పుడే లేస్తున్న కాలనీలో ఆరిళ్లవాళ్లు పెరట్లో బర్రెలు కట్టేసుకున్నారు. అందరూ బెజవాడ, ఏలూరు వైపు నుంచి ఉద్యోగాల మీద వచ్చినవాళ్లు. పాడి లేకపోతే అది ఇల్లే కాదనుకునే మనుషులు, కానీ పిండటానికి కూర్చోమంటే మోకాళ్లు వంగని మనుషులు. వాళ్లు గేదె అంటారు, మేము బర్రె అంటాం. ఏ పేరుతో పిలిచినా దానికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పిండే చెయ్యి కావాలి. ఆ చెయ్యి మా ఆయనది.

మేముండేది ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తా అంటున్న చోటికి కొంచెం అవతల. అప్పుడక్కడ చౌరస్తా ఏమీ లేదు. బెజవాడ రోడ్డు, రోడ్డుకు రెండు పక్కలా జొన్నచేలు, అంతే. డిసెంబరు వచ్చిందంటే ఆ చేల మీదుగా వచ్చే గాలికి అడ్డమనేది ఉండేది కాదు. మా ఆయన తెల్లవారకముందే సైకిలెక్కి దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి వేళ్లు కొంకర్లు పోయి హ్యాండిల్ వదిలేవి కావు.

మామూలు మనిషికైతే అది బాధే, అంతకుమించి ఏమీ లేదు. పాలు పిండేవాడికి అది పొట్టకు సంబంధించిన సంగతి. చల్లటి చెయ్యి పొదుగుకు తగిలితే బర్రె పాలు చేపదు. చేపడమంటే పాలను కిందికి వదలడం. అది పూర్తిగా దాని ఇష్టం. కొట్టినా, తిట్టినా, దండం పెట్టినా దాని మనసు కుదిరితేనే వదులుతుంది. ఇంటింటా వేడినీళ్లు అడిగి చేతులు ముంచుకునేవాడు. నాలుగు రోజులు ఇచ్చారు, అయిదో రోజు మొహాలు ముడుచుకున్నారు. తడిచేతులతో మళ్లీ గాలిలో పడితే వేళ్ల సందుల్లో చర్మం పగిలి నెత్తురు వచ్చేది. తెల్లటి పాలలో ఎర్రటి చుక్క పడితే ఎవరికి కనబడదు? ఒకింటివాళ్లు అప్పటికే ఒకసారి చెంబెడు పాలు మురిక్కాలవలో పోశారు.

నేను బట్టలు కుట్టేదాన్ని. క్రైస్తవ మిషన్ వాళ్ల కుట్టు బడిలో రెండేళ్లు నేర్చుకున్నాను. చేతులకు ఉన్ని తొడుగులు వేసుకోమంటే మా ఆయన వినలేదు. ఆరిళ్ల దగ్గర ఆరుసార్లు విప్పాలి, ఆరుసార్లు వేసుకోవాలి, పేడ అంటుకుంటుంది, ఒకటి పోతే రెండోది దండగ అన్నాడు. సరే, చెయ్యికి వద్దంటే సైకిలుకే తొడుగుదాం అనుకున్నాను. హ్యాండిల్‌కు రెండు వైపులా రెండు సంచులు, చెయ్యి అందులోకి పోనిచ్చి పట్టుకోవడమే. దిగితే సంచీ సైకిలుతోనే ఉండిపోతుంది.

జాకెట్లు కుట్టేదానికి లోకమంతా జాకెట్టులాగే కనిపిస్తుంది. పైన లారీవాళ్లు సరుకు మీద కప్పే పాత తాడిపత్రి గుడ్డ, లోపల ముసలి గొంగడి ముక్క వేసి, జాకెట్టు చేతుల్లాగే కత్తిరించాను. గాలి దూరకుండా ముంజేతి దగ్గర బిగుతుగా పట్టీ కూడా వేశాను. ఆ పట్టీ చూసుకుని నేను మురిసిపోయాను కూడా. మరునాడు మలుపు దగ్గర కుక్క అడ్డమొస్తే మా ఆయన బెల్లు కొడదామంటే చెయ్యి రాలేదు, కాలు మోపి దిగుదామన్నా చెయ్యి రాలేదు. సైకిలూ ఆయనా ఒకే ప్రాణంగా కాలవలో పడ్డారు.

"నన్ను సైకిలుకేసి కుట్టినవా ఏందే?" అన్నాడు ఇంటికొచ్చి.

పట్టీలు విప్పేశాను. మూతి వెడల్పు చేశాను. అయినా కుదరలేదు. గొర్రెబొచ్చు గొంగడి వాసన చేతులకు పట్టేది. ఆ వాసన బర్రెలకు పడలేదు. రెండు తన్నాయి.

ఆరిళ్లలో పెద్ద ఇల్లు అమ్మాజీ గారిది. ఆమె భర్త భానుమూర్తి గారు సర్కారు ఆఫీసులో గుమాస్తా. కోడలు సూర్యప్రభకు అయిదు నెలల పిల్లవాడు, తల్లి పాలు చాలవు. పిల్లవాడు ఆ బర్రె పాల మీదే బతికేవాడు. అందుకని ఆ ఇంట్లో బర్రెకున్న మర్యాద భానుమూర్తి గారికి కూడా ఉండేది కాదు. దాన్ని బెజవాడ నుంచి లారీలో తెచ్చుకున్నారు. డిసెంబరు రెండో వారంలో దాని దూడ మూడు రోజులు తూలి చచ్చిపోయింది.

దూడ పోయిన బర్రె పాలు చేపదు. దూడ తోలు ఒలిచి, గడ్డి కూరి, దూడలాగా కుట్టి ముందర పెడితే వాసన చూసి, నాకి, చేపుతుంది. తోలుదూడ అంటారు. అమ్మాజీ గారికీ ఆ సంగతి తెలుసు.

"మీ వైపు ఎవరైనా చేసేవాళ్లుంటారేమో చూడవయ్యా తీతూ. త్వరగా కావాలి" అందట.

మా ఆయన చచ్చిన దూడను గోనెసంచిలో కట్టి, సైకిలు మీద పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఇక్కడ మా మామ గురించి చెప్పాలి.

మా మామ పేరు యెహెజ్కేలు. ఊళ్లో నలభై ఏళ్లు తోళ్ల పని చేశాడు. ఆ ఊరి మోటబావులన్నిటికీ తోలు బొక్కెనలు ఆయనే కుట్టాడు. ఊరి పొలాలకు పారిన నీళ్లన్నీ ఆయన కుట్టిన తోలులోనుంచే పైకి వచ్చాయి, ఆ బావి గట్టు మాత్రం ఆయన ఎక్కకూడదు. మా అత్త పోయాక మా దగ్గరికి వచ్చేశాడు. మా ఆయనకు తండ్రంటే ప్రేమే. తండ్రి పని అంటే మాత్రం ఒళ్లు మండేది. చిన్నప్పుడు బడిలో తోలు వాసన వస్తోందని ఈయన పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదట. పట్నం వచ్చాక ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కిరస్తానీ అని ఆరిళ్లవాళ్లకూ తెలుసు. పాలకు అంటు లేదులే అని అమ్మాజీ గారు తనకు తానే సర్దిచెప్పుకుంది. అంతకుమించి వాళ్లు అడగలేదు, ఈయన చెప్పలేదు. ఆరిళ్లు తన చేతి పాలు తాగుతున్నాయి, ఆ చెయ్యి ఎవరి కొడుకు చెయ్యో ఆరిళ్లకూ తెలియకూడదు. మా ఆయనకు బతుకంటే అదే.

గోనెసంచి విప్పగానే మా మామ లేచి పంచె ఎగ్గట్టుకున్నాడు. మా ఇంటికొచ్చిన రెండేళ్లలో ఆయన అంత చురుగ్గా లేవడం నేను చూడలేదు. సాయంత్రానికల్లా ఒలిచి, ఉప్పు పట్టించి, రెండు రోజుల్లో తోలుదూడను నిలబెట్టాడు. నాలుగు కాళ్లు, చెవులు, మెడ వంపు అన్నీ ఉన్నాయి. మా ఆయన మొహం పక్కకు తిప్పుకుని దాన్ని గోనెలో చుట్టి తీసుకుపోయాడు. బర్రె దాని వీపు నాకి పాలు వదిలింది.

మిగిలిన ముక్కలు మా మామ పారెయ్యలేదు. తంగేడు చెక్క దంచి కుండలో నానబెట్టాడు. వెంట్రుక తియ్యలేదు. ఆ నీళ్లు తోలుకు లోపలి వైపే పట్టించి, మళ్లీ మళ్లీ పిసికి, నీడలో ఆరబెట్టాడు. పది రోజులకు నా చీర కొంగంత మెత్తగా అయింది.

"వాడు కాలవల పడ్డడట గద. ఇది లోపట బెట్టి కుట్టు బిడ్డా. బొచ్చు లోపటికి రావాలె" అన్నాడు.

"మిషినుకు ఎక్కుతదా మామా?"

"నీ మిషిను సూదులు ఇరుగుతయి. ఆరె ఉన్నది గద నా తాన."

ఆరె అంటే తోలుకు చిల్లు పొడిచే ఇనుప ములుకు. ఊరి నుంచి తెచ్చుకున్న ట్రంకుపెట్టెలో బైబిలు పక్కన ఉంది. ఇద్దరం గడపలో ఎదురెదురుగా కూర్చున్నాం. నేను కత్తిరించాను, ఆయన పొడిచాడు, నేను మైనం రాసిన దారం లాగాను. ఈసారి జాకెట్టు బుద్ధి పక్కన పెట్టాను. మూతి వెడల్పుగా, కిందికి వాలేటట్టు వేశాం, పడితే చెయ్యి దానంతటది బయటికి రావాలని. కింద బ్రేకు కడ్డీకి చీలిక ఒకటి. బెల్లును హ్యాండిల్ నడుమకు జరిపాను. పైన తాడిపత్రి గుడ్డ, నడుమ పాత దుప్పటి, లోపల దూడ తోలు. క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు సైకిలుకు కట్టాం.

మా ఆయన ముక్కు ముడిచాడు. అయినా చలి ఎవరి మాటా వినదు కదా. చేతులు పెట్టాడు.

ఆ పూట ఇంటికొచ్చి సైకిలు దిగకముందే నాతో అన్నాడు. "ఇంకా తోలుదూడను ముంగట పెట్టనేలేదే. నేను కూసోంగనే నా చెయ్యి వాసన జూసింది, నాకింది, చేపింది. బకెటు నిండింది." నవ్వుతున్నాడు. పెళ్లయిన పదకొండేళ్లలో పొద్దున్నే ఆయన నవ్వడం నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఆ మాట తండ్రికి మాత్రం చెప్పలేదు. నేనే వెళ్లి చెప్పాను. మా మామ గడ్డం నిమురుకుని, "తల్లి గద" అన్నాడు.

జనవరిలో గొడవలు మొదలయ్యాయి. తెలంగాణ ఉద్యోగాలు తెలంగాణవాళ్లకేనని పిల్లలు కాలేజీలు బంద్ చేసి రోడ్ల మీదికి వచ్చారు. బస్సుల మీద రాళ్లు పడ్డాయి. ముల్కీ ఎవరు, అంటే ఈ నేల మనిషెవరు, కానివాళ్లెవరు అన్నదే ఎక్కడ చూసినా మాట. మా ఆయనకు ఉద్యమం మీద మనసుంది, ఉండదా మరి. కానీ ఆయన పిండే ఆరు బర్రెల్లో ఒక్కటీ ముల్కీ కాదు. మాలాగే పాలు పిండే భిక్షపతి అనేవాడు దారిలో సైకిలు ఆపి అడిగాడట.

"ఆంధ్రోళ్ల బర్రెలను ఆంధ్రోళ్లనే పిండుకోనియ్యి. నీకేం పట్టింది తీతన్నా?"

"బర్రె ఏం జేసిందిరా" అని మా ఆయన వచ్చేశాడు.

ఇంకో రోజు పోలీసులు ఆపారు. చీకట్లో ఒక మనిషి రెండు చేతులూ సంచుల్లో దాచుకుని వస్తుంటే రాళ్లున్నాయనుకోక ఏమనుకుంటారు. లాఠీతో తొడుగులు పొడిచి చూశారు. ఒకాయన చెయ్యి లోపల పెట్టి, కాసేపు తియ్యలేదట. "జర ఆగు, మస్తు వెచ్చగున్నది" అన్నాడట.

కాలనీలో మాత్రం భయం పట్టుకుంది. ఎవరు మనవాళ్లు, ఎవరు కారు అని ఆరిళ్లవాళ్లూ లెక్కలు మొదలుపెట్టారు. పెరటి తలుపు తీసి లోపలికి రానిచ్చే మనిషి ఎవడో తెలుసుకోవాలిగా. అంతకుముందు మూడేళ్లలో అడగని ప్రశ్నలు భానుమూర్తి గారు ఒక్క పొద్దునే అడిగారు. ఏ ఊరు, మీవాళ్లెవరు, నీ తండ్రేం చేస్తాడు. కూలి చేసేవాడని చెప్పాడు మా ఆయన. అది సగం నిజం. సగం నిజంతో కొన్నాళ్లు గడుస్తుంది.

ఆ నెలాఖరులో వీధికుక్కలు దూరి తోలుదూడను పీకి గడ్డి చేశాయి. బర్రె మా ఆయన చేతుల వాసనకే చేపుతోంది కాబట్టి పాలకు లోటు రాలేదు. కానీ అమ్మాజీ గారు ముందుచూపు గల మనిషి.

"ఆ చేసినాయన్ని ఒకసారి తీసుకురావయ్యా. ఎంత బాగా కుట్టాడో. మా దగ్గరే ఉండి బాగు చేసిపెడతాడు" అంది.

పక్కనే భానుమూర్తి గారున్నారు, పేపరు చేతిలో పట్టుకుని, ఎవరాయన అన్నట్టు చూస్తూ. మా ఆయన నోట్లోంచి వచ్చిన మాట ఇది: "సచ్చిపోయిండమ్మా."

ఈ సంగతి నాకు ఆయన చెప్పలేదు. అమ్మాజీ గారే చెప్పింది. రెండు రోజులకు ఆమె జాకెట్లు ఇవ్వడానికి వెళ్లాను. గుండీలు చూసుకుంటూ, "పాపం, మా తోలుదూడ చేసిన పెద్దాయన పోయాడటగా ఎలీశమ్మా? తీతు చెప్పాడు. మీకు తెలిసినాయనేనా?" అంది. నిజంగానే జాలిగా అంది.

తెలిసినాయనే అని తలూపాను. ఆ తల ఊపినందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

ఇంటికొచ్చేసరికి చచ్చిపోయినాయన గడపలో ఎండకు కూర్చుని, సైకిలు క్యారియరుకు కొత్త తోలు పట్టీ కోస్తున్నాడు. కొడుకు వెనక పెట్టుకునే సామాను జారిపోతోందని. "గింత జల్దీ వచ్చినవేంది బిడ్డా?" అన్నాడు. లోపలికి పోయి కాసేపు ఏడ్చాను. తర్వాత కత్తెర తీసుకుని బయటికి వచ్చాను.

మా ఆయన సైకిలు గోడకు ఆనించి మొహం కడుక్కుంటున్నాడు. కట్లు కోసి రెండు తొడుగులూ ఊడదీశాను.

"ఏం జేస్తున్నవే?"

"సచ్చినోని తోలు పని నీకెందుకు?" అన్నాను, గడపలోకి వినబడకుండా.

మొహం మీద నీళ్లు అలాగే ఉండిపోయాయి. ఎవరు చెప్పారని అడగలేదు. "ఆరిళ్లు పోతయే. నీకేం దెల్సు" అన్నాడు.

"పోతే పోనీ. ఆయనను తోల్కపోయి, మా నాయిన అని జెప్పు. ఆ పొద్దు నేనే కుట్టి కడత."

తొడుగులు నా బట్టల పెట్టెలో వేసి తాళం పెట్టాను. నాకు కోపం ఎక్కువని మా వాడకట్టంతా అంటారు. నిజమే.

మొదటి పొద్దు మా ఆయన ఉత్త చేతులతో పోయాడు. అమ్మాజీ గారి బర్రె చెయ్యి వాసన చూసి, మొహం తిప్పుకుని, తన్నింది. ముంతెడు పాలు కూడా రాలేదు. మిగతా ఇళ్లలోనూ చల్లటి చేతికి బర్రెలు సగమే చేపాయి, ఎవరి పాలు వాళ్లకే చాలలేదు. రెండో పొద్దు కుడిచెయ్యి బొటనవేలి సందు పగిలింది. పట్నంలో బంద్, సర్కారు పాలబండి కాలనీకి రాలేదు. మూడో పొద్దున పిల్లవాడికి సగ్గుబియ్యం జావ పట్టారట. వాడు తాగకుండా ఏడ్చాడట. మొగుడి మీద కోపం పసిపిల్లవాడి నోటి దగ్గరికి పోతుందని నేను అనుకోలేదు. తాళం చెవి రెండుసార్లు పట్టుకుని, రెండుసార్లు మళ్లీ కొంగున కట్టుకున్నాను. ఇప్పుడు ఇచ్చేస్తే మా మామ ఆ కాలనీకి ఎప్పటికీ చచ్చినవాడే.

"రేపు కూడా గిట్లనే ఉంటే ఇంకో మనిషిని జూసుకుంటరట. పోచంపల్లి సైదులును రమ్మన్నరట" అన్నాడు మా ఆయన ఆ సాయంత్రం, అరుగు మీద కూర్చుంటూ.

మా మామ జరిగి వచ్చి కొడుకు చెయ్యి తన ఒళ్లో పెట్టుకున్నాడు. తోలు మెత్తబడటానికి వాడే ఆముదం చిప్పలో ఉంది. అది వేలితో తీసి పగుళ్లలో నెమ్మదిగా రాస్తున్నాడు. నలభై ఏళ్లు తోళ్లు పిసికిన వేళ్లు. మా ఆయన చెయ్యి లాక్కుంటాడేమో అని చూశాను. లాక్కోలేదు. తల వంచుకుని కూర్చున్నాడు. కాసేపటికి భుజాలు కదిలాయి.

"నాయినా, నువ్వు సచ్చిపోయినవని జెప్పిన ఆళ్లకు" అన్నాడు.

మా మామ రాయడం ఆపలేదు. ఆ వేలు అయిపోయాక పక్క వేలు పట్టుకున్నాడు.

"సచ్చి లేసుడు మనకు కొత్తనా బిడ్డా?" అన్నాడు. "బైబిల్ల లాజరు సమాధిల నాలుగు దినాలు పన్నంక లేసిండు. నాకు ఎన్ని దినాలయింది?"

"ఆరు" అన్నాను నేను.

"ఇంక గబ్బు కొట్టకముందే లేపుండ్రి మరి" అన్నాడు మా మామ. చిప్ప పక్కన పెట్టి, లోపలికి పోయి పడుకున్నాడు. ఆ రోజు అన్నం తినలేదు.

నేను పెట్టె తాళం తీసి, తొడుగులు మళ్లీ సైకిలుకు కట్టాను.

మరునాడు మా ఆయన తండ్రిని క్యారియరు మీద కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. నేను వాళ్లకంటే గంట ముందే నడక మొదలుపెట్టాను. బస్సులు లేవు. ఆ మాట ఆయన చెప్పడం నా చెవులతో వినందే నాకు నమ్మకం కుదరదు. నేను అమ్మాజీ గారి పెరటి తలుపు దగ్గరికి చేరేసరికి వాళ్లిద్దరూ అప్పుడే దిగుతున్నారు. తెల్లగా మంచు. లోపల పిల్లవాడు ఏడుస్తున్నాడు. అమ్మాజీ గారు చెంబు పట్టుకుని బయటికొచ్చింది. వెనకాల మఫ్లరు చుట్టుకుని భానుమూర్తి గారు.

"ఈ పెద్దాయనెవరు తీతూ?"

మా ఆయన చేతులు ఇంకా తొడుగుల్లోనే ఉన్నాయి. బయటికి తీశాడు.

"మా నాయినమ్మా. యెహెజ్కేలు. తోలుదూడను జేసింది గీయననే."

"ఆయన పోయాడన్నావుగా."

"అబద్ధమాడిన."

"ఎవరైనా బతికున్న మనిషిని అలా అంటారా? ఎందుకయ్యా?"

మా ఆయన నా వైపు చూడలేదు, తండ్రి వైపు చూడలేదు. "ఊళ్లె మాది తోళ్ల పని. మా నాయిన పచ్చి తోళ్లు ఊని మెత్తజేసేటోడు. అది తెలిస్తే మీరు నా చేతి పాలు తాగరని" అన్నాడు.

భానుమూర్తి గారు మఫ్లరు సర్దుకున్నారు. నేను అమ్మాజీ గారి మొహమే చూస్తున్నాను. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు, అది నాకు తెలుసు. అందుకే భయం.

"తాగేవాళ్లం కాదు" అంది చివరికి. "ముందే చెప్పుంటే తాగేవాళ్లం కాదు. నిన్ను పెట్టుకునేవాళ్లమే కాదు." చెంబు ఈ చేతిలోనుంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "మూడేళ్లు తాగాం. ఇప్పుడు కాదంటే ఎక్కడికి పోతుంది? కక్కుకుంటామా?"

"అమ్మాజీ" అన్నారు భానుమూర్తి గారు.

"మీరు ఊరుకోండి. లోపల వాడు ఏడుస్తున్నాడు." తర్వాత మా మామతో, ఆయన కళ్లలోకి చూడకుండా, "ఆ దూడ మళ్లీ నిలబడుతుందా పెద్దాయనా?" అంది.

"నిలబడతదమ్మా. లోపటికొచ్చి జూడాలె" అన్నాడు మా మామ.

అమ్మాజీ గారు పక్కకు జరిగి తలుపు పూర్తిగా తీసింది.

మా ఆయన బర్రె పక్కన కూర్చున్నాడు. అది చేతులు వాసన చూసి నాకింది. చెంబులో మొదటి ధార పడిన చప్పుడు నాకు తలుపు దగ్గరికి వినిపించింది. మా మామ కుక్కలు పీకిన తోలును ఒళ్లో వేసుకుని, ఎక్కడెక్కడ కుట్టాలో వేలితో తడుముతున్నాడు. సూర్యప్రభ గ్లాసు పట్టుకుని వచ్చి, ఆ పాలు కాచేదాకా కూడా ఆగలేనట్టు తీసుకుపోయింది.

ఆరిళ్లలో రెండిళ్లు వారం తిరక్కుండానే మా ఆయనను మానిపించాయి. ఒకరు బర్రెను అమ్మేస్తున్నామన్నారు, ఇంకొకరు ఏ కారణమూ చెప్పలేదు. అవి పోయాయి, మళ్లీ రాలేదు. మా ఆయన బాధపడ్డాడు. పడలేదని అంటే నేనూ అబద్ధమాడినట్టే.

కానీ ఆ పొద్దు సంగతి వేరు. తిరిగి వస్తుంటే బంద్ అయినా రోడ్డు పక్క హోటలు సగం తలుపు తీసి ఉంది. మా ఆయన రోజూ ఒక్కడే నిలబడి చాయ్ తాగే చోటు. ముగ్గురం ఆగాం. లోపల ఆయనకు తెలిసినవాళ్లు అయిదారుగురు, భిక్షపతి కూడా ఉన్నాడు. మా మామ అలవాటుగా బయటే, గోడ పక్కన నిలబడిపోయాడు. మా ఆయన వెనక్కి వచ్చి, చెయ్యి పట్టుకుని, లోపలికి తెచ్చి బల్ల మీద కూర్చోబెట్టాడు.

"రెండు చాయ్" అన్నాడు, హోటలంతా వినబడేటట్టు. "ఒకటి నాకు, ఒకటి మా నాయినకు."

నేనూ ఉన్నానన్న సంగతి ఆయనకు గుర్తే లేదు. అయిదు మైళ్లు నడిచిన కాళ్లతో తలుపు దగ్గర నిలబడ్డాను. నాకు కోపం రాలేదు.